తాళం రాజం ట్రస్టు చేసిన నెల

వరంగల్ చౌరస్తా వెనక బెల్లం సందులో వెంకట్రాజం ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. తాళం రాజం అంటే మాత్రం ఆటోవాళ్లు దుకాణం మెట్టు మీదే దింపుతారు. ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. ముప్ఫై ఆరేళ్ల కష్టార్జితం అది. సాయంత్రం షట్టరు దించాక రెండు పక్కలా రెండు తాళాలు, నడుమ ఇంకొకటి వేసి, ఒక్కోదాన్ని మూడేసి సార్లు గుంజి చూస్తాడు. పది అడుగులు నడుస్తాడు. గుంజింది మూడుసార్లా, రెండుసార్లేనా అని అనుమానం వస్తుంది. వెనక్కి వచ్చి మొదటి తాళం నుంచి మళ్లీ మొదలుపెడతాడు. సందు మొగదల పూలమ్మే మొగిలమ్మ, ఆయన మూడోసారి వెనక్కి రావడం చూసి బుట్ట సర్దుకుంటుంది. ఆమెకు వేరే గడియారం లేదు.

ఇంతా చేస్తే లోపల ఉండేది బెల్లం. బెల్లం దొంగిలించేవి చీమలు, ఈగలు. వాటికి తాళాలతో పని లేదు. ఆ మాట ఎవరైనా అంటే రాజం దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. "ముప్పయారేండ్లల్ల ఒక్క దొంగతనం గాలే. ఎందుకు గాలే? నేను ఎవ్వర్నీ నమ్మలే గనుక." ఈ తర్కానికి ఎదురు చెప్పినవాడు ఆ సందులో ఇంతవరకు పుట్టలేదు.

తాళంచెవులన్నీ ఒకే గుత్తి. ఆ గుత్తి ఎడమవైపు మొలతాడుకు వేలాడుతుంది. ముప్ఫై ఆరేళ్లుగా ఆ బరువు మోసి మోసి ఆయన నడక ఎడమకు ఒరిగిపోయింది. దుకాణం తాళాలు, గోదాము తాళాలు, ఇంటి తాళం, ఇంట్లో బీరువా తాళం, అన్నీ అందులోవే. బీరువాలో ఉండేవి భార్య పద్మలత చీరలు. కాపురానికి వచ్చి ముప్ఫై ఒక్క ఏళ్లయినా ఆమె తన చీరల బీరువా తన చేత్తో తెరిచి ఎరగదు. చీర కావాలంటే "బీరువ తెరువుండ్రి" అనాలి. ఆయన వచ్చి తెరిచి, మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడతాడు. ఆమె చీర తీసుకుంటుంది. ఆయన తాళం వేసి మూడుసార్లు గుంజుతాడు. ఇదంతా పెళ్లాం మీద ప్రేమే అని ఆయన లెక్క. నీ చీరలకు నా అంత పహరా ఇంకెవడు కాస్తడు అని ఒకటి రెండుసార్లు అన్నాడు కూడా. ఆమె మామూలుగానే ఆయనతో ఎక్కువ మాట్లాడదు. పెళ్లై కరీంనగర్‌లో ఉన్న బిడ్డ దీప్తితో మాత్రం ఫోన్‌లో గంట తక్కువ మాట్లాడదు.

ఇటువంటి మనిషి యాభై తొమ్మిదో ఏట ఇంగ్లీషు క్లాసులో ఎందుకు చేరాడంటే, ఎదురుగా స్టీలు సామాన్ల దుకాణం శేఖర్ చేరాడు కాబట్టి. శేఖర్ దుకాణానికి అద్దాల తలుపు పెట్టిస్తే రాజమూ పెట్టించాడు. శేఖర్ కరివేపాకు మొక్క పెంచితే రాజం రెండు పెంచాడు. ఇప్పుడు శేఖర్‌కు ఇంగ్లీషు వచ్చి తనకు రాకపోతే సందులో తలెత్తుకుని తిరగడం ఎట్లా?

క్లాసు పొద్దున ఆరింటికి, మిరపకాయల గోదాము మీది గదిలో. కిందినుంచి ఘాటు పైకి కొడుతుంటే పదకొండు మంది వ్యాపారులు తుమ్ముల మధ్య ఇంగ్లీషు పలికేవారు. చెప్పేది పాండురంగం సారు. కాజీపేటలో రైలు టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఆయన పద్ధతి వేరు. వ్యాకరణం లేదు, పుస్తకం లేదు. నెలకు ఒక క్రియ. దాన్ని నోటితో అంటే సరిపోదు, ఒంటితో చెయ్యాలి, చేసినట్టు నోటుబుక్కులో సాక్షి సంతకం ఉండాలి. 'వెయిట్' నెలలో అందరినీ స్టేషన్‌కు తీసుకుపోయి మూడు గంటలు ప్లాట్‌ఫారం మీద నిలబెట్టాడు. రైలు వచ్చింది, ఎవరూ ఎక్కలేదు, రైల్వే పోలీసు వచ్చి మీరెవరని అడిగాడు. 'పుష్' నెలలో ఆటో యాకయ్య బండిని పోచమ్మమైదాన్ దాకా తోశారు, బండి బాగానే ఉన్నా సరే. 'ఫర్‌గెట్' నెలలో క్లాసుకు ఎవరూ రాలేదు. సారూ రాలేదు. ఆ నెల అందరూ పాసయ్యారు.

మేడారం జాతర ఇంకో నెలన్నర ఉందనగా 'ట్రస్ట్' వచ్చింది.

"బిలీవ్ వేరు, ట్రస్ట్ వేరు," అన్నాడు సారు, ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకుని. "ఈ గిన్నెకు చిలుం పట్టదని శేఖర్ అన్నడు, నువ్వు తలకాయ ఊపినవ్. అది బిలీవ్. మాట నమ్మినవ్. ట్రస్టంటే మాట గాదు, మనిషి. నీ దుకాణం శేఖర్ మీద ఇడిసిపెట్టి నువ్వు పోయినవనుకో, అది ట్రస్ట్."

రాజం పక్కనున్న శేఖర్‌ను ఒకసారి చూసి, కొంచెం దూరం జరిగి కూర్చున్నాడు.

సారు నల్లబల్ల మీద వరసగా రాశాడు. ఒక మనిషిని ట్రస్ట్ చెయ్యడం. ఒక మనిషికి ఒక వస్తువు అప్పజెప్పి ట్రస్ట్ చెయ్యడం. ఫలానా పని ఆ మనిషి చేస్తాడని ట్రస్ట్ చెయ్యడం. ఇవి కాక ఉత్తరాల్లో వాడే రకం ఒకటి, ఐ ట్రస్ట్ యు ఆర్ వెల్. "బాగున్నవా అని అడుగుడు బద్ధకమైనోళ్లు, బాగనే ఉన్నవని నేనే అనుకుంటాన అని రాస్తరు. దాని అర్థం గదే." ఎక్కిరింపుకూ వాడతారట. ట్రస్ట్ వెంకట్రాజం టు కమ్ లేట్. అంటే ఆలస్యంగా రావడంలో రాజం మీద మనకు పూర్తి భరోసా అని. క్లాసు నవ్వింది, తుమ్మింది.

"సార్," అన్నాడు రాజం లేచి నిలబడి, "నేను గీ నెల లీవు పెట్టుకోవచ్చా?"

"వద్దు," అన్నాడు సారు. "ముప్పై నాలుగేండ్లు రైళ్లల్ల నేను ఒక్కర్ని నమ్మలే. దేవునసొంటి ముసలాయన గూసున్నా టికెట్ జూపియ్యమన్న. అందుకే ఈ క్రియ నాకు బాగ తెలుసు. దూరంకెల్లి జూసిన. నువ్వన్న దగ్గరికెల్లి జూడు."

హోంవర్కు నియమం ఒకటే. పోతే అన్నం సయించని వస్తువును ఒక మనిషికి పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా అప్పజెప్పాలి.

రాజం మొదట మొగిలమ్మకు పుల్లలు విరిగిన గొడుగు అప్పజెప్పాడు. "ఇది పోతే ఏడుస్తవా?" అన్నాడు సారు. అబద్ధమాడడం రాక "సంబురపడ్త" అన్నాడు రాజం. ఫెయిలు. రెండోసారి ఆటో యాకయ్యకు పది కిలోల బెల్లం ముద్ద అప్పజెప్పాడు. ఈసారి వస్తువు మంచిదే. కాని ముద్దను ఆటోలో పెట్టి, తానూ దాని పక్కనే ఎక్కి కూర్చుని, దీపాలు పెట్టేదాకా హన్మకొండ, కాజీపేట, మళ్లీ హన్మకొండ తిరిగాడు. యాకయ్య ప్యాసింజర్లు ముద్దకొక సీటు, సేటుకొక సీటు పోగా మిగిలిన సందులో ఇరుక్కున్నారు. "అన్నా, నమ్మినవా నన్ను?" అని యాకయ్య మధ్యమధ్యలో అడిగితే, "నమ్మినా, నువ్వు ముందుకు జూసి నడుపు" అన్నాడు. సారు సంతకం పెట్టనన్నాడు. "నువ్వు కాపలా గాసినవ్. అది ట్రస్ట్ గాదు, పోలీసోళ్ల పని."

అప్పటికి క్లాసులో ఎవరూ పాసు కాలేదు. ఇవ్వడానికి కొందరు సిద్ధపడినా, తీసుకునేవాళ్లు దొరకలేదు. పరాయి సొత్తుకు పూచీ పడడమంటే వ్యాపారస్తులకు పామును మెళ్లో వేసుకున్నట్టు. చివరికి శేఖరే ఒక ఉపాయం తెచ్చాడు.

"అన్నా, నీ దుకాణం నాకియ్యి, నాది నీకిస్త. ఒక్క దినం."

రాజం ఒక మధ్యాహ్నమంతా ఆలోచించాడు. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టు కాదా ఇది? అయితే వాడి తాళాలూ తన చేతిలో ఉంటాయి. బెల్లానికి ఏమన్నా అయితే స్టీలు ఉంది. ఇది నమ్మకం కాదు, జమానతు, అంటే పూచీకత్తు. ఆ మాట అనుకున్నాక ఆయన ప్రాణం కుదుటపడింది. సరేనన్నాడు.

గురువారం తొమ్మిదింటికి సారు సందు నడుమ సుద్దముక్కతో ఒక గీత గీసి, గీత మీద స్టూలేసుకుని సాక్షిగా కూర్చున్నాడు. దీపాలు పెట్టేదాకా ఇద్దరిలో ఎవరూ గీత దాటకూడదు. రాజం మొలతాడు నుంచి గుత్తి విప్పాడు. ముడి బిగుసుకుపోయి శేఖర్ పళ్లతో లాగాల్సి వచ్చింది. గుత్తి పోయాక రాజం నాలుగడుగులు వేస్తే ఒళ్లు కుడివైపుకు తూలింది. ఎడమ పక్క బరువు లేకుండా నడవడం ఆయనకు చేతకాలేదు. సారు చెయ్యి పట్టి స్టీలు దుకాణంలో కూర్చోబెట్టాడు.

ఆ రోజు రాజం ఒక్క గిన్నె కూడా అమ్మలేదు. పప్పు డబ్బా అడిగిన ఆమెకు తాళం పెట్టే డబ్బా చూపించాడు. నాకు పప్పుకు తాళమెందుకని ఆమె అంటే, మీ ఇంట్ల ఎంతమంది ఉంటరని విచారించాడు. ఆమె వెళ్లిపోయింది. ఆయన కళ్లు మాత్రం ఎదురుగానే ఉన్నాయి. జాతర ఏడాది కదా, బెల్లం దుకాణం ముందు జనం కడుతున్నారు. అమ్మవార్లకు మొక్కినవాళ్లు తమ బరువుకు సరిపడా బెల్లం తూయించుకుని మేడారం తీసుకుపోతారు. ఆ బెల్లాన్నే బంగారం అంటారు. అందుకని రాజం దుకాణంలో పాతకాలపు పెద్ద కాంటా ఇంకా ఉంది, గొలుసులతో వేలాడే రెండు తట్టలది. ఒక తట్టలో మనిషి, ఒక తట్టలో బెల్లం. తూకం చెప్పేటప్పుడు ఆ మనిషి చెవిలో మాత్రమే చెప్పడం ఆ దుకాణం ఆనవాయితీ. శేఖర్‌కు అది తెలియదు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి తోడికోడలితో వచ్చిన ఒకామెను తూచి, పేరు పెట్టి పిలిచినట్టు, "ఎనభై ఏడున్నర" అని సందంతా వినబడేట్టు చెప్పాడు. తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. తూగినామె తట్ట దిగనని కూర్చుంది, మళ్లీ తూస్తే గాని కదలనంది.

"చెవుల చెప్పాలె! చెవుల!" అని రాజం లేచి ఉరికాడు. సారు చెయ్యి అడ్డం పెట్టాడు. "గీత."

ఈలోగా ఇంట్లో ఏం జరిగిందంటే, పొద్దున పూలు ఇవ్వడానికి పోయిన మొగిలమ్మ, "అమ్మా, మీ సేటు తాళాలన్నీ శేఖర్ సేటుకిచ్చిండు, సందంత నిలబడి జూస్తాన్రు" అని పద్మలతకు చెప్పింది. పద్మలత నమ్మలేదు. రోజూ యాకయ్య ఆటోలో పంపే టిఫినుడబ్బాను ఆ రోజు తానే తెచ్చింది.

ఆమె సందులోకి వచ్చేసరికి శేఖర్ గద్దె మీద కూర్చుని ఉన్నాడు. గుత్తి అతని నడుముకు వేలాడుతోంది. ఆమె మెట్టు దగ్గర నిలబడి దాన్ని చాలాసేపు చూసింది.

"శేఖర్, అండ్ల సన్న ఇత్తడి తాళంచెవి ఒకటుంటది. జర ఇస్తవా?"

శేఖర్ వెతికి, తీసి, చేతిలో పెట్టాడు. "గిదేనా వదినా?"

"దేనిదో అడగవా?"

"మీకు కావాల్నంటిరి గదా వదినా. అడుగుడెందుకు?"

నిమిషం పట్టలేదు. పద్మలత అరచేతిలో ఆ తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గీత దగ్గరికి వచ్చి ఆగింది. అవతల రాజం ఒక చేత్తో స్టీలు బిందె పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది క్లాసు పని," అన్నాడాయన. "హోంవర్కు. ఉత్తగనే."

"మా చెల్లె బిడ్డ పేరు పెట్టిన నాడు వంటింటి చీరెతోని పోయిన," అంది ఆమె. గొంతు పెంచలేదు. "తాళంచెవి మీ నడుముకుండె. మీరు స్టేషన్ ఘన్‌పూర్ల ఉంటిరి. యాదికున్నదా?"

"యాదికి లేదు."

"నాకున్నది." ఆమె టిఫినుడబ్బా గీత మీదుగా అందించింది. "పప్పు ఏడిగున్నది. తినుండ్రి."

ఇదంతా వింటున్న పాండురంగం సారుకు పెద్దమనిషి తరహాలో ఏదైనా అనాలనిపించింది. ఏమీ తోచక, చేతిలో ఉన్న నోటుబుక్కు ముందుకు చాపి, "అమ్మా, సాక్షి సంతకం" అన్నాడు. ఆమె పుస్తకం తీసుకుని చదివింది. వెంకట్రాజం తన దుకాణాన్ని, సమస్త తాళాలను శేఖర్ అను మనిషికి నమ్మి అప్పజెప్పినాడు అని తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉంది. ఆమె కింద పద్మలత అని పూర్తిగా సంతకం చేసి, తేదీ కూడా వేసి, వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రాజం ఇంటికి వెళ్లేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. పొయ్యి మీద అన్నం ఉంది. పద్మలత లేదు. నర్సంపేటలో చెల్లెలి ఇంటికి పోయిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఫోన్ చేస్తే ఎత్తింది.

"ఎప్పుడొస్తవ్?"

"ఏమో," అని పెట్టేసింది.

మర్నాడు క్లాసులో రాజాన్ని ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టారు. శేఖర్ పుస్తకంలో కన్నా ముందు సంతకం పడింది ఆయన పుస్తకంలోనే, కాబట్టి ట్రస్ట్‌లో పాసైన మొట్టమొదటి మనిషి. వారం తిరిగేసరికి ఆ ఊపులో సందులో ఇంకో ఆరు దుకాణాలు చేతులు మారాయి. అగరుబత్తీలాయన చెప్పులు అమ్ముతుంటే, చెప్పులాయన మందుల దుకాణంలో కూర్చోబోయి లైసెన్సు అడిగితే బయటికొచ్చాడు. ఎవరి దుకాణం ఎదురుగా వాళ్లే స్టూళ్లేసుకుని కూర్చుని కాపలా కాస్తుండడంతో సందులో నడవడానికి దారి లేకుండా పోయింది. ఇదంతా తాళం రాజం చలవే అని జనం చెప్పుకున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఆ వారం ఆయన బతుకు అచ్చంగా అదే.

గుత్తి తిరిగి ఆయన నడుముకు వచ్చింది, ఒక్క ఇత్తడి తాళంచెవి తప్ప. ఇంటికి పోయి ఏం చెయ్యాలో తెలియక బీరువా ముందు కూర్చునేవాడు. అందులో ఏ రంగు చీరలున్నాయో గుర్తు తెచ్చుకోబోతే ఒక్కటీ గుర్తు రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా తెరిచినప్పుడల్లా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు కదా. గోడకు ఎక్కడెక్కడ సున్నం పెచ్చులూడిందో మాత్రం బాగా గుర్తుంది. అలవాటు చొప్పున బీరువా పిడిని మూడుసార్లు గుంజాడు. గట్టిగానే ఉంది. ఆయనకు మొదటిసారి భయం వేసింది. ఆమె రాకపోతే?

పాండురంగం సారు దగ్గరికి పోయి, "సార్, ఆ పాసు కొట్టెయ్యుండ్రి. నేను ట్రస్ట్ చెయ్యలే అని రాయుండ్రి," అని బతిమాలాడు. "జమానతు మీద ఇచ్చిన. మనసుల ఒక్క చుక్క నమ్మకం లేకుండె."

సారు అద్దాలు తుడుచుకున్నాడు. "చేసిన క్రియను రద్దు జేసుడు ఇంగ్లీషుల లేదు వెంకట్రాజం. తెలుగుల ఏమన్న ఉంటే జూడు."

ఆదివారం రాజం నర్సంపేట బస్సెక్కాడు. మరదలి ఇల్లు పత్తి బస్తాలతో నిండి ఉంది. నడవడానికి మిగిలిన జాగాలో పద్మలత కూర్చుని చాటలో కందులు ఏరుతోంది. ఆయన మాట్లాడకుండా మొలతాడు విప్పి, గుత్తి మొత్తం తీసి చాటలో పెట్టాడు. కందులు చెల్లాచెదురయ్యాయి. ఆమె గుత్తిని తీసి పక్కన నేల మీద పెట్టి, మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

"ఇవి నేనేం జేస్కోను?" అంది. "ముప్పయొక్కేండ్లు ఎందుకియ్యలే? అది చెప్పుండ్రి. శేఖర్‌కు ఒక్క దినంల ఇచ్చిన్రు."

రాజం దొంగల గురించి మొదలుపెట్టాడు. ఆమె తలెత్తలేదు. కాలం మంచిది కాదన్నాడు. చీరలు ఖరీదైనవన్నాడు. ఆమె రాళ్లు ఏరి పక్కన పోస్తూనే ఉంది. ఆయన దగ్గర కారణాలన్నీ అయిపోయాయి. తర్వాత నోటివెంట వచ్చిన మాట, అది వచ్చేదాకా ఆయనకే తెలియదు.

"దీప్తితోని నువ్వు గంట మాట్లాడుతవు. నాతోని ఎప్పుడన్న ఒక్క మాట. బీరువ తెరువుండ్రి అని. తాళంచెవి నీకే ఇస్తే, ఆ ఒక్క మాట గూడ ఉండదు గదా."

పద్మలత చెయ్యి చాటలో ఆగిపోయింది. రాజం తల దించుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ల మనిషికి ఆ మాట అన్నందుకు చెవులు ఎర్రబడ్డాయి.

"నేనేం జేసిన్నో ఎరుకేనా?" అంది ఆమె. "నోరు తెరిస్తే తాళంచెవి అడుక్కునుడే అయితాంది, బిచ్చమడిగినట్టు. ఎందుకొచ్చిన మాటలని నోరు తెరుసుడే బంద్ జేసిన."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన మాట కోసం తాళం వేశాడు. ఆమె తాళం కోసం మాట మానేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లు. పద్మలతకు ముందు ముక్కు అదిరింది, తర్వాత భుజాలు కదిలాయి. అక్క ఏడుస్తోందనుకుని చెల్లెలు వంటింట్లోంచి నీళ్ల చెంబుతో పరుగెత్తుకొచ్చింది. అక్క నవ్వుతోంది. కళ్లల్లో నీళ్లు మాత్రం నిజమే.

"పోదాం పా," అన్నాడు రాజం, ధైర్యం వచ్చి.

"మీరు పోండ్రి. నేనొస్త."

"ఎప్పుడు?"

"అది చెప్ప."

"రేపు ఫోన్ జేస్త."

"చెయ్యద్దు. ఎవ్వర్నీ పంపద్దు. దీప్తితోని అడిగియ్యద్దు. నేనొస్త అన్న. గంతే." గుత్తిని తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇవి తీస్కపోండ్రి. లేకుంటే పక్కకు ఒరిగి పడ్తరు."

బస్సులో గీసుకొండ దాటేదాకా ఆయన జేబులో ఫోన్‌ను పట్టుకునే కూర్చున్నాడు. ఆమె మాటకు జమానతు ఏమీ లేదు. బదులుగా ఆమెది ఏదీ తన దగ్గర లేదు. అటువంటి బేరం ఆయన జన్మలో చెయ్యలేదు.

సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది. ఆమె వస్తే లోపలికి పోవాలి కదా అని ఇంటికి తాళం వెయ్యకుండా, తలుపు దగ్గరికి మాత్రం వేసి దుకాణానికి పోయేవాడు. రోజుకు యాభైసార్లు ఫోన్ తీసి, అద్దం తుడిచి, లోపల పెట్టేవాడు. యాకయ్య, "అన్నా, నర్సంపేట కిరాయి ఉన్నది, వదినను జూసి రానా?" అంటే నోటిదాకా వచ్చిన అవును మింగి, తల అడ్డంగా ఊపాడు. శేఖర్ రోజూ ఇంటినుంచి అన్నం తెచ్చిపెట్టాడు. ఆ వారం సాయంత్రాలు మొగిలమ్మకు టైము తెలియలేదు. రాజం తాళాలు వేసి, ఒకసారి కూడా గుంజకుండా, ఎక్కడో చూస్తూ ఇంటికి పోయేవాడు. ఆమె చీకటి పడేదాకా బుట్ట ముందేసుకుని ఎదురు చూసేది.

బుధవారం క్లాసులో సారు మూడో రకం దగ్గరికి వచ్చాడు. ఫలానా పని ఆ మనిషి చేస్తారని ట్రస్ట్ చెయ్యడం. "వెంకట్రాజం, ఒక ఉదాహరణ."

"ఉన్నది సార్. కాని పని ఇంక గాలే. అయినంక చెప్త."

"అయినంక చెప్పేది ట్రస్ట్ గాదు. రిపోర్టు."

రాజం నిలబడ్డాడు. కింద గోదాములో ఎవరో మిరపకాయల బస్తా దులిపినట్టున్నారు, గదంతా ఘాటు లేచింది. పదిమంది తుమ్ముతుంటే, ఆయన తుమ్మకుండా, తెలుగులోనే, "మా ఆమె వస్తది" అన్నాడు.

"సాక్షి?"

"ఎవ్వరు లేరు సార్."

సారు కలం తీశాడు, మళ్లీ పెట్టేశాడు. కూర్చో అన్నాడు.

గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. శనివారం జాతర బేరం ముమ్మరంగా ఉంది. హన్మకొండ నుంచి వచ్చిన కాంట్రాక్టరు ఓంప్రకాశ్ తట్టలో బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. మనిషి దిట్టమైనవాడు. నూటపదకొండు కిలోల బెల్లం పేర్చాక గొలుసులు కిర్రుమని, తట్టలు సమానమై, ఓంప్రకాశ్ నేల వదిలి గాలిలోకి లేచాడు. ఆయన కళ్లు మూసుకుని అమ్మవార్లకు దండం పెట్టుకున్నాడు. తూకం చెవిలో చెబుదామని రాజం ముందుకు వంగాడు.

అప్పుడు పద్మలత సందు మలుపు తిరిగింది. ఆకుపచ్చ అంచున్న గోధుమరంగు చీర కట్టుకుంది. దారిలో ఇంటికి పోయి బీరువా తెరుచుకుని వచ్చినట్టుంది. ఆ చీర ఆమెకు ఉన్నట్టు రాజానికి తెలియదు. ఆమె దుకాణం మెట్లెక్కి, బెల్లం బస్తా మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుంది. అడగడానికి ఆమెకు ఏమీ లేదు. తీసుకోవడానికీ ఏమీ లేదు. రాజం ఎందుకు ఆలస్యమైందని అడగబోయి ఊరుకున్నాడు.

"మా చెల్లె ఇంటెనక బర్రె ఉన్నది జూడుండ్రి," అని మొదలుపెట్టింది పద్మలత. "అది పాలియ్యాలంటే వాళ్ల అత్త ముంగట నిలబడాలెనట. అత్తేమో దవాఖానల ఉన్నది. ఇగ వాళ్ల మామ రోజు పొద్దుగాల అత్త చీరె గట్టుకొని..."

ఆమె చెబుతూనే ఉంది. మామ ముసుగు వేసుకున్నాడట. బర్రె పసిగట్టిందట. తన్నిందట. రాజం ఆమె నోటి వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన చేతిలో బెల్లం ముక్క కరగడం మొదలై వేళ్ల సందుల్లోంచి కారుతోంది. వెనక వరసలో ఉన్నవాళ్లు గొణిగారు. తట్టలో వేలాడుతున్న ఓంప్రకాశ్‌కు కాళ్లు తిమ్మిరెక్కాయి.

"సేటూ," అన్నాడు ఓంప్రకాశ్ మెల్లగా, "నన్ను జర దించుండ్రి."

రాజం వెనక్కి తిరగకుండానే చెయ్యి ఎత్తాడు.

"జర నిమ్మలంగుండు తమ్మీ. మా ఆమె మాట్లాడుతాంది."